త్రిశతియందలి క్రమము

భర్తృహరి సుభాషితత్రిశతిని మన దేశమునఁ జదువని పండితుఁడు లేఁడు. చదివినవారిలో దానిని జీవితసోపానముగా నెంచనివారును మిక్కిలి తక్కువ. నీతి మొదటిమెట్టు, శృంగారము రెండవది, వైరాగ్యము కడపటిది. లోకవ్యవహారమును నేర్చినవాఁడు భోగముల ననుభవించి, వానియందు రోఁత పుట్టి, తుద కడవి కేఁగునని యర్థము చెప్పుదురు. నేనును బాల్యమున నట్లే నేర్చికొంటిని. మాకు నీతిశతకమును బాఠము చెప్పిన పండితులు శృంగారశతకపు మాట వచ్చినపు డెల్ల “అది పిదప” ననెడివారు. వైరాగ్యశ్లోకములను మాత్రము సాయంకాలమున నరుఁగుమీఁదఁ గూరుచుండి తమలోఁ దాము చదువుకొనుచుండెడివారు. ఆ “పిదప” యనునది మా కెన్నఁడును రాలేదు.

ఈ మెట్లను గట్టినది కవియా, సంధాతలా యని యడుగుటయే యీ వ్యాసమునకుఁ బ్రయోజనము. ఇది పరిష్కర్తల తగవు మాత్రమే కాదు. కట్టినవారు సంధాతలే యైనచో, ప్రేమనుగూర్చియు ధనమునుగూర్చియు మనుష్యస్వభావమునుగూర్చియు భర్తృహరి చెప్పిన మాటలను మన మింతవఱకుఁ జదివిన తీరును, బడులలోఁ బిల్లలకుఁ జెప్పుచున్న తీరును మార్చుకొనవలసియుండును.

మొదట వ్రాఁతప్రతుల సాక్ష్యము. దామోదర ధర్మానంద కోశాంబి వందలకొలఁది ప్రతులను శోధించి, 1948లో బొంబాయినుండి సింఘీ జైన గ్రంథమాలలో భర్తృహరి సుభాషితములను బ్రకటించెను. ప్రతులలోఁ బెక్కింటికి సామాన్యములని యాయన నిర్ణయించిన శ్లోకములు సుమారు 200. ఏ ప్రతియందైనను భర్తృహరి పేరఁ జేరినవాని నన్నిటిని గూర్చినచో నెనిమిదివందలను మించిపోవును. కావున మూఁడువంద లను సంఖ్య పాత్రయొక్క కొలఁతయే కాని యందలి పదార్థముయొక్క కొలఁత కాదు. ఒక ప్రతియందు నీతిలో నున్న శ్లోకము వేఱొకదానియందు వైరాగ్యమునఁ గానవచ్చుటయుఁ గలదు. ఇఁక మన తెలుఁగుదేశమున వాడుకలో నున్నది దక్షిణదేశపు పాఠము. దీనియందు శతకములు పద్ధతులుగా విభక్తములైనవి. మూర్ఖపద్ధతి, విద్వత్పద్ధతి, మానశౌర్యపద్ధతి, అర్థపద్ధతి మొదలుకొని కర్మపద్ధతివఱకు నీతికిఁ బది. పద్ధతికిఁ బదేసి శ్లోకములు. మూర్ఖులు పదిశ్లోకములకు సరిపోవుదురు, సుజనులును బదింటికే సరిపోవుదురు. లోకమున వీరిరువుర సంఖ్య యిట్లు సమముగా నుండుట నేను జూడలేదు. ఈ తూనికను బట్టిన చేయి సంధాతదే యని యెంచుటకు వేఱు సాక్ష్య మక్కఱలేదు.

శ్లోకములు త్రిశతిలో నుండుటకును దాని వెలుపల నుండుటకును గల భేద మెట్టిదో రెండు నాటకములవలనఁ దెలియును. నీచులు విఘ్నభయముచేఁ బనికే పూనరనియు, మధ్యములు విఘ్నము రాఁగానే విడుతురనియు, ఉత్తములు మాటిమాటికి దెబ్బతినియుఁ బూనినదానిని విడువరనియుఁ జెప్పు నీతిశ్లోకమును బడిపిల్లవాఁడైన నెఱుఁగును. విశాఖదత్తుని ముద్రారాక్షసమున ద్వితీయాంకమునందు నదే శ్లోకము కలదు. రాక్షసుఁడు పన్నిన యుపాయము లన్నియుఁ జాణక్యునిచే వమ్మైన వార్తలను వరుసగా వినిపించిన విరాధగుప్తుఁడు, తన ప్రభువు కుంగిపోకుండుట కీ మాటలు చెప్పును. ఉత్తములు “నీవలె” భారము వహింతురను సంబోధన మచ్చట నొక పాఠమునఁ గానవచ్చును. అనఁగా నిది లోకమునకుఁ జెప్పిన నీతి కాదు. ఓడిపోవుచున్న యొకానొకని కొకానొక సేవకుఁడు చెప్పిన యూఱట. అంతమాత్రమే కాదు. ఆ నాటకము తుద కేమగును? రాక్షసుఁడు తన పూనికను విడుచును. తనకొఱకుఁ బ్రాణముల నొడ్డిన చందనదాసుని రక్షించుటకై చంద్రగుప్తుని మంత్రిత్వము నంగీకరించును. ప్రేక్షకున కాతఁ డుత్తముఁడుగాఁ దోఁచుట పూనినదానిని విడిచిన యా గడియయందే. శ్లోకము చెప్పినదానికి నాటకము చూపినది సరిగా విపరీతము. నీతిశతకమునఁ బఠించువాని కీ సంగతి యేమియుఁ దెలియదు.

రెండవది ఫలభారమునఁ జెట్లు వంగుటయు, నవజలములతో మేఘములు వ్రాలుటయుఁ జూపి సంపదయందు సత్పురుషు లణఁకువతో నుందురని చెప్పు శ్లోకము. మనకది పరోపకారపద్ధతిలోనిది. శాకుంతలమున నైదవయంకమందు నది శార్ఙ్గరవుని నోట వచ్చును. పురోహితుఁడు దుష్యంతుని వినయమును జూపఁగా నీ తాపసుఁడు, ఇది పరోపకారులకు సహజమే కదా యని మెచ్చుకోలుగాఁ బలుకును. క్షణములు గడవకమున్నే యా వినయశీలుఁడు శకుంతల నెఱుఁగనని త్రోసివేయును. చెట్టునుబోలు రాజును బొగడిన నోటితోనే శార్ఙ్గరవుఁడు వానిని నిందించును. కాళిదాసు కా శ్లోకము రాబోవు దెబ్బకుఁ బన్నిన ఘటన. త్రిశతి కది వట్టి సత్యము. ఎవరినుండి యెవరు గైకొని రను తగవులో నేను దిగను. నాటకకర్తలే గైకొనిరన్నను నా మాటకు హాని లేదు. ముక్తకము తనంతటఁ దా నొక మతమును స్థాపింపదనియు, నెవఁ డెపు డెవనితోఁ బలికెనో దానినిబట్టి దాని విలువ మాఱుననియు నీ రెండు నాటకములును నిరూపించుచున్నవి.

ఇచ్చట మన మడికి సింగనను స్మరింపవలెను. అతఁడు సకలనీతిసమ్మతమును గూర్చినపుడు పద్యములు గైకొన్న గ్రంథముల పేళ్లను గూడ నిచ్చెను. నేఁడు దొరకని తెనుఁగు నీతిగ్రంథములు కొన్ని యుండెనని మనకుఁ దెలియుట కాతని మర్యాదయే కారణము. త్రిశతిని బెంచిన సంధాతల కా మర్యాద లేదు. ఇల్లు వెదకుచుఁ దిరుగు శ్లోకముల నన్నిటిని భర్తృహరి యింటఁ జేర్చిరి.

ఇఁక ప్రేమవిషయము. త్రిశతియందు మిక్కిలి చిక్కైనదియు, మిక్కిలి తక్కువ చదువఁబడినదియు నిదియే. స్త్రీని గొనియాడిన కవియే నిందించుటఁ జూచి, యౌవనమునఁ గొనియాడి ముదిమిని నిందించెనని వ్యాఖ్యానింతురు. అట్లైనచో స్తుతి శృంగారమునను, నింద వైరాగ్యమునను మాత్రమే యుండవలెను. కాని శృంగారశతకమునందే కామినీగర్హణ మనునొక పద్ధతి కలదు. పక్షద్వయనిరూపణ మనునదియుఁ గలదు. సంధాతయే యీ కవి రెండు పక్షముల నొక్కసారిగాఁ జూచువాఁడని యెఱిఁగి, వేఱు చోటు దొరకక, యీ పేరు పెట్టెనని నా యూహ. స్త్రీకంటె వేఱుగా నమృతమును లేదు, విషమును లేదనియు, రక్తురాలైన నామెయే యమృతలత, విరక్తురాలైన నామెయే విషవల్లి యనియుఁ జెప్పు ననుష్టుప్ప్‌శ్లోకము చూడుఁడు. ముప్పదిరెండక్షరములలో యౌవనమునుండి ముదిమికి నడచుట కెడ మెక్కడిది? స్తుతియు నిందయు నొక్క యూపిరిలోనివే. పైఁగా నిచ్చటి విరక్తి కవిది కాదు, ఆమెది. త్యాగము చేసినది పురుషుఁడు కాఁడు, త్యజింపఁబడినవాఁ డాతఁడు. వైరాగ్యమని మనము మ్రొక్కుచున్నదానిలోఁ గొంత యీ జాతిదే.

మమ్మటుఁ డీ స్వభావమును బాగుగా గుర్తించెను గాని, దోష మనెను. నితంబశబ్దమునకుఁ గొండచఱియ యనియు స్త్రీకటి యనియు నర్థము లుండుటచే, వీనిలో సేవింపవలసిన దేదో యార్యులే విచారించి చెప్పవలెనని కవి యడుగు శ్లోకము త్రిశతిలోఁ గలదు. కావ్యప్రకాశ సప్తమోల్లాసమున సందిగ్ధ మను నర్థదోషమునకు మమ్మటుఁ డుదాహరించిన దిదియే. ప్రకరణము లేనిచోట సందేహము. పలికినవాఁడు శాంతుఁడో శృంగారియో తెలిసినచో నిశ్చయమని యాతని వివరణము. అలంకారశాస్త్రమునకు మమ్మటునిఁ బ్రమాణముగాఁ గొనువారిలో నే నొకఁడను. ఐనను నిచ్చట నాతనితో నేకీభవింపఁజాలను. పలికినవాఁడు శాంతుఁడని తేల్చినతోడనే యా శ్లోకము చచ్చును. శృంగారి యని తేల్చినను జచ్చును. కొండకును గాంతకును నడుమ నిలిచి, యేది యని పెద్దల నడుగుచున్న వాని నిజమైన తబ్బిబ్బే దాని యర్థము. ఆర్యులు, మర్యాద, విచారము అను గంభీరపదములను బేర్చి తుద నా శ్లేషను విసరుట చూడఁగాఁ, బెద్దలవలనఁ దనకు జవాబు రాదని కవి యెఱిఁగియే యడిగినట్లున్నది. ముక్తకములును బ్రబంధములవలె రసము నింపుకొనఁగలవని యమరుకుని నిదర్శనముగాఁ జూపిన యానందవర్ధనుఁడు దీనికి మఱియొక విధమైన తీర్పు చెప్పియుండునేమో.

త్రిశతికిఁ గల పెద్దకొఱఁతను గూడఁ జెప్పవలెను. అందు స్త్రీ మాటలాడదు; ఆమెనుగూర్చి పురుషులు మాటలాడుదురు. హాలుని గాథాసప్తశతియందుఁ గోడలు, అత్త, చెలికత్తె, త్రోవఁబోవువానితో మాట గలుపు పల్లెపడుచు – వీరందఱు తమ నోటితోఁ దాము పలుకుదురు. అచ్చట ప్రేమ యిద్దఱి నడుమనుండు విషయము. ఇచ్చట నొక్కని మనసులోని తగవు. ఆ తగవు నెంత నిజముగాఁ జూపినను, రెండవవారి సాక్ష్యము లేని వ్యాజ్యె మది.

సోపానవాదమునకుఁ బట్టుగొమ్మ భర్తృహరి చరిత్ర మని చెప్పు కథ. ఆతఁ డుజ్జయినీరాజు, విక్రమార్కుని యన్న; బ్రాహ్మణుఁ డిచ్చిన దివ్యఫలమును బ్రియురాలి కిచ్చెను; ఆమె తన ప్రియునికి, వాఁడు వేఱొకతెకు నీయఁగా, నది తుదకు రాజునొద్దకే చేరెను; రాజు విరక్తుఁడై యడవికేఁగెను. కథ ముచ్చటైనదే. కాని యిట్టి కథ మన కింకొకచోటఁ గూడ వినఁబడును. వేమన రెడ్డిరాజు తమ్ముఁడనియు, వేశ్యాలోలుఁడై పిదప యోగి యయ్యెననియు లోకులు చెప్పుదురు. అమరుకుని శృంగారశ్లోకములకు శంకరులు రాజశరీరమునఁ బ్రవేశించిరను కథ పుట్టినది. మువ్వురును ముక్తకకర్తలే, మువ్వురకును రాజవంశముతోనో రాజదేహముతోనో సంబంధమే. విడివిడి పద్యములు పరస్పరవిరుద్ధములుగాఁ గానవచ్చినపుడు వానిని గ్రుచ్చుటకు లోకమున కొక దారము కావలయును. ఆ దారమే చరిత్రమని పేరు పెట్టుకొనును. 1829లో బ్రౌను వేమనపద్యములను నీతి, మతము, అధిక్షేపము అను మూఁడు పేళ్లతో నచ్చొత్తించెను. అచ్చటను మూఁడే!

చీనాయాత్రికుఁడైన ఇత్సింగు క్రీస్తుశకము ఏడవశతాబ్దిలో వ్రాసిన వృత్తాంతము వేఱుగా నున్నది. వైయాకరణుఁడైన భర్తృహరి యేడుమాఱులు బౌద్ధవిహారమునఁ జేరి, యేడుమాఱులు గృహస్థుఁడై మరలె ననియు, విహారమున నుండఁగా మనసు చలించినప్పుడు వెలుపల బండిని సిద్ధముగా నుంచుమని శిష్యుని కాజ్ఞాపించె ననియు నాతఁడు చెప్పెను. ఇత్సింగు చెప్పిన కాలము సరికాదు. దిఙ్నాగుఁడు వాక్యపదీయము నెఱిఁగినవాఁ డగుటచేఁ దత్కర్త యైదవశతాబ్దివాఁడని నేఁటి పండితులు నిర్ణయించిరి. వాక్యపదీయకర్తయు, సుభాషితకర్తయు నొక్కఁడే యగుట సిద్ధాంతము కాలేదు. కనుక నేను దీనిని జరిత్రముగాఁ జూపుటలేదు. రెండు కథలలో నేది శ్లోకములకు నప్పునని యడిగినచో మాత్రము, ఫలపు కథకంటె వాకిట నిలిచిన బండి కథయే యెక్కువగా నప్పునందును. మెట్లెక్కినవాఁడు మరల దిగఁడు. ఈ కవి దిగుచునే యున్నాఁడు.

రాజను మాటయు శ్లోకములకుఁ బొసఁగదు. నీతివైరాగ్యశతకములలో మాటిమాటికి వినవచ్చునది ధనికుల వాకిట నిలిచినవాని గొంతు. ద్వారపాలుర కసరు, ప్రభువుల కనుబొమల ముడి, కడుపుకొఱకుఁ జేసిన పొగడ్త, పొగడియు దొరకని ఫలము – ఇవి సింహాసనముమీఁదినుండి కానవచ్చు వస్తువులు కావు. 1941లోఁ బ్రకటించిన యొక వ్యాసమునఁ గోశాంబి దీనినిఁ బట్టుకొని, యీ వైరాగ్యము త్యాగముచేఁ బుట్టినది కాదనియు, నాశాభంగముచేఁ బుట్టినదనియుఁ గఠినముగాఁ దీర్పు చెప్పెను. వాకిళ్ల శ్లోకములవఱకు నాతని మాట కాదనరానిది. కాని కాలమునుగూర్చిన శ్లోకములు వేఱు. ఒకప్పటి రాజును, సామంతులను, సభాపండితులను, వందిజనులను, చంద్రముఖులను వరుసగాఁ దలఁచి, వారి నందఱిని జ్ఞాపకముగా మార్చిన కాలమునకు నమస్కరించు శ్లోకమున నాశాభంగమెక్కడ? అచ్చటఁ దన్ను వాకిట నిలిపిన ప్రభువుమీఁదఁ గూడఁ గవికిఁ గోపము లేదు. ఆ ప్రభువును బోయెను గదా యను వింతయే కలదు. ఈ రెండు జాతుల శ్లోకములను వైరాగ్య మను నొక్క పేరిట నుంచుటచేతనే విమర్శకుఁడు మొదటివానికిఁ దగిన తీర్పును రెండవవానికిని విధించెను. సంధాతచేసిన తప్పునకుఁ గవి దండుగ చెల్లించెను.

తెనుఁగుసేతలకు వత్తము. ఎలకూచి బాలసరస్వతి, ఏనుఁగు లక్ష్మణకవి, పుష్పగిరి తిమ్మన అను మువ్వురు మనకుఁ బ్రసిద్ధులు. వీరిలో లోకము వరించినది లక్ష్మణకవిని. ఆతని కీర్తికిఁ గారణము దేశిచ్ఛందస్సులను వెఱవక వాడుట. ఇసుకనుండి నూనెను దీయుటనుగూర్చిన శ్లోకము సంస్కృతమునఁ బృథ్వీవృత్తము, పదునేడక్షరముల పాదము. లక్ష్మణకవి దానిని దేటగీతిలోనికిఁ దెచ్చెను. అంత చిన్నచోట నిముడ్చుటకుఁ గొన్ని విశేషణములను వదలుకొనవలసివచ్చెను: ఎండమావులలో నీరు ద్రావువాఁడు దప్పిచేఁ బీడితుఁడను మాట పోయెను, మూర్ఖునికిఁ గల “ప్రతినివిష్ట” యను విశేషణమును బోయెను. మొదటిది నష్టమే. రెండవది నష్టము కాదు. సంస్కృతమున మూర్ఖుఁడు తెలివిలేనివాఁడు. పట్టు విడువనివాఁ డను నర్థము వచ్చుటకు వేఱు పదము కావలెను. తెలుఁగున మూర్ఖపుఁబట్టు, మూర్ఖించుట యను వాడుకలవలన నా పట్టుదల యా పదమునందే యున్నది. లక్ష్మణకవి విడిచినది మన నుడికారము తిరిగి యిచ్చినది. విఘ్నశ్లోకమున మాత్ర మాతఁడు సంస్కృతమున లేని హేతువును జేర్చి, యుత్తములు ప్రజ్ఞానిధులు గనుక విడువరని ముగించెను. వసంతతిలకమును శార్దూలము చేసినపుడు మిగిలిన చోటిని నింపుటకై వచ్చిన మాట యిది. రాక్షసునివంటివానిని నిలుపునది ప్రజ్ఞ కాదు. అది వేఱొక వస్తువు.

బాలసరస్వతి మార్గము వేఱు. ఆతఁడు పద్యములను దన ప్రభువైన సురభిమల్లభూపాలుని సంబోధించు మకుటములతో ముగించెను. నీతిశతకమున నా ప్రభువు నీతివాచస్పతి, శృంగారమున మానినీమన్మథుఁడు, వైరాగ్యమున వైదుషీభూషణుఁడు. ప్రభువుల వాకిళ్లను రోయు పద్యముగూడఁ బ్రభుసంబోధనముతో ముగియుట చదువరికి నవ్వు పుట్టింపకపోదు. ఆ నవ్వునకుఁ గవి సిద్ధపడియే యుండెనో లేదో చెప్పలేము. రాజును విరక్తుఁడని సంబోధించుటకు జంకి, విద్వత్తను భూషణముగాఁ దొడిగెను గాఁబోలు. అయినను నా మకుటములను నేను దోష మనను. రాఘవయాదవపాండవీయమున నొక్క పద్యమునకు మూఁడు కథల నిమిడ్చిన యీ కవి, యిచ్చట నొక్క మనుష్యునకు మూఁడు బిరుదముల నిచ్చెను. ఆ బిరుదములు వరుసగా మూఁడు వయస్సులవి కావు. నిండుకొలువునఁ గూరుచున్న యొక్క సురభిమల్లునివి. మూఁడు శతకములు నొక్క కాలమున నొక్క మనసున నుండునని చెప్పు వ్యాఖ్యానము మన భాషలో నిదియొక్కటే నాకుఁ గానవచ్చినది.

శృంగారశతకమును “పిదప” కుంచుట మన బడులతోఁ బుట్టినది కాదు. పులికాటునందలి డచ్చివారి స్థానమున మతాచార్యుఁడుగా నుండిన అబ్రహాం రోజరు, పద్మనాభుఁడను బ్రాహ్మణునివలన విని, నీతివైరాగ్యశతకముల భావమును డచ్చిభాషలో వ్రాసికొనెను. 1651లో లైడెను నగరమున ముద్రితమైన యాతని పుస్తకమువలనఁ బశ్చిమదేశీయులకు మొదట భర్తృహరి పరిచితుఁ డయ్యెను. శృంగారశతకమం దందు లేదు. అప్పటినుండి నేఁటి తెలుఁగువాచకములవఱకు నదియే పంక్తి. నీతిని మాత్రమే చదివినవానికి భర్తృహరి యుపాధ్యాయుఁడుగాఁ దోఁచును. వైరాగ్యమును మాత్రమే చదివినవానికి సన్న్యాసిగాఁ దోఁచును. ఆ రెంటి నడుమఁ దబ్బిబ్బుపడుచున్న మనుష్యుఁడు వాచకములలో లేఁడు. శృంగారశ్లోకముల నన్నిటినిఁ బదునాలుగేండ్ల పిల్లలకుఁ జెప్పుఁ డని నే ననను. ఋతువర్ణనములో నాలుగైదింటినిఁ జేర్చి, పద్ధతుల పేళ్లను దీసివేసి, మూఁడు శతకముల శ్లోకములను గలిపి యచ్చొత్తించినచో హానిలేదని మాత్ర మనుచున్నాను. శాకుంతలమును బాఠముగాఁ జెప్పు పై తరగతులలో శార్ఙ్గరవుని శ్లోకమును రెండుచోట్లను జదివించుట యంతకంటెను సులభము.

మా పండితులు గతించిన పిదప వారి పుస్తకములు కొన్ని నాకు వచ్చినవి. అందు వావిళ్లవారి త్రిశతి యొకటి. నీతిశతకమున మాకుఁ జెప్పిన శ్లోకములయెదుటఁ బెన్సిలుగీఁతలున్నవి. వైరాగ్యమునఁ బుటలు క్రొత్తగనే యున్నవి. వారి కవి నోటికి వచ్చియుండెను గదా. నడిమి శతకమునఁ బుటల యంచులు వ్రేలి తాఁకుడుకు నలిఁగి, మెత్తనై, రెండుమూఁడుచోట్లఁ జినిఁగి, బియ్యపుగంజితో నతికింపఁబడియున్నవి.